రెండు వేళ్ళ ఎత్తు

నా చిన్నప్పుడు మా బాపు, అంటే మా నాన్న, పికప్ బండికి పెద్ద టైర్లు వేయించిన రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. మొన్న మా అబ్బాయి కొత్త పికప్ కొని, దానికీ పెద్ద టైర్లు వేయించాలని సిద్దిపేటలో టైర్ల దుకాణానికి నన్ను వెంటబెట్టుకుపోయాడు. వాడు టైర్లు చూస్తుంటే నేను మాత్రం బండి తలుపు కింది అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో చూస్తూ నిలబడ్డాను.

మాది నంగునూరు పక్కన చిన్న ఊరు. కూరగాయలు పండించి సిద్దిపేటలో వారం వారం జరిగే అంగడికి తెచ్చేవాళ్ళం. వానాకాలం వచ్చిందంటే చేను బాటలో చక్రాల చాళ్ళు లోతుగా పడి, బండి అడుగు రాళ్ళకు గీసుకునేది. ఆ చప్పుడు వింటే తన వీపే గీసుకుపోయినట్టు బాపు ముఖం ముడుచుకునేది. బండిని పైకి లేపే పని పెట్టుకోకుండా, బరువు మోసే కమాను పట్టీలు ముట్టుకోకుండా, ఎంత పెద్ద టైరు పడితే అంత పెద్దది వేయించాలని ఆయన ఆశ.

ఆ రోజు టైర్లు బిగించిన ముసలాయన ఆ ఆశకు అంత తొందరగా లొంగలేదు. "ఖాళీ బండికి ఏ టైరైనా పడ్తదన్నా. నిండినంక చూడాలె, స్టీరింగు తిప్పి చూడాలె," అన్నాడు. టైరు రాసుకుంటే తెలిసేలా మడ్‌గార్డుల లోపలి వైపు తడి సున్నం పూశాడు. బరువు కోసం మమ్మల్నీ, దుకాణం చుట్టుపక్కల ఆడుకుంటున్న పిల్లలనూ, ఖాళీగా కనబడ్డ పెద్దవాళ్ళనూ వెనక ఎక్కించాడు. మేము కేకలు పెడుతూ ఊగుతుంటే బాపు స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. మేము దిగి చూసేసరికి మొదట వేసిన టైరుకు తెల్లగా సున్నం అంటుకుని ఉంది. బాపు మొహం చిన్నబోయింది. దానికంటే ఒక సైజు తక్కువది వేసి చూస్తే సున్నం ఎక్కడా చెదరలేదు. బండి ఎంత పెరిగిందని అడిగితే ముసలాయన రెండు వేళ్ళు కలిపి అడ్డంగా చూపించాడు. ఆ రెండు వేళ్ళకే బాపు పొంగిపోయాడు. బండికి ఏది తగులుతుందో అంత జాగ్రత్తగా చూశాం గానీ, బండి ఎవరికి అందకుండా పోతుందో మాలో ఒక్కరం కూడా చూడలేదు.

మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, ప్రతి అంగడికీ బండిలో ముందు సీట్లో కూర్చుని వచ్చేది. ఒడిలో పాలకూర, తోటకూర కట్టలు ఉండేవి. అవి ఒక వంక మాత్రమే. మా మేనత్తను రాయపోల్ దిక్కు ఇచ్చారు. అత్తవారు ఆమెను పుట్టింటికి తోలడం తక్కువ. తల్లీబిడ్డలు కలుసుకునే జాగా ఆ అంగడే. ఒకే గోనెసంచి మీద పక్కపక్కన కూర్చుని కూర అమ్మేవారు. బేరాలు తగ్గాక బాపమ్మ చిన్న సీసాలోంచి నూనె తీసి, అంత జనం మధ్యలో, నలుగురు పిల్లల తల్లయిన మా అత్తకు తల దువ్వేది.

టైర్లు వేయించిన మర్నాడు మధ్యాహ్నం వాకిట్లో ఎవరూ లేరు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. బాపమ్మ తలుపు పట్టుకుని బండి ఎక్కబోయింది. అప్పటికే ఆమె మోకాలు అంతంత మాత్రంగా వంగేది. కాలు అంచు దాకా వచ్చి జారింది. చేత్తో కాలును లేపి పెట్టబోయింది. మూడోసారి కూడా అందకపోతే తలుపుకు నుదురు ఆనించి నిలబడింది. తిరిగి చూస్తే నేను కనబడ్డాను.

"బాపుకు చెప్పకు బిడ్డా. వాడు ఎంత సంబురంగ ఉన్నడో చూసినవు గదా. నా మీద ఒట్టు," అంది.

కొడుకు చేత నలుగురిలో ఎత్తించుకుని ఎక్కడం ఆమె వల్ల కాని పని. అంగడి రోజు పొద్దున బాపు పిలిస్తే, "నాకు అంగడంటే ఇసుగొచ్చిందిరా, నువ్వే అమ్ముకరా," అంది. బాపు నమ్మాడు. ఆ మాటే తీసుకుపోయి మా అత్తకు చెప్పాడు. ప్రతి అంగడినాడూ బండి తిరిగొచ్చేదాకా బాపమ్మ గడపలో కూర్చునేది. చెల్లె అగుపడ్డదా అని అడిగేది, ఏమన్నదని అడిగేది. ఏమనలేదని చెప్పేవాడు బాపు.

ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో నాకే తెలుసు. ఒట్టు తప్పితే ఎవరి మీద ఒట్టు పెట్టారో వాళ్ళు చచ్చిపోతారని పిల్లలమంతా గట్టిగా నమ్మేవాళ్ళం. మా బాపమ్మ బతకాలనే నేను నోరు మూసుకున్నాను.

చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయినా నాలుగు రోజులు కూడా నిలవలేదు. అత్త వచ్చి శవం మీద పడి, "నేనంటే గంత ఇసుగొచ్చెనా అవ్వా? నేనేం తప్పు జేసిన?" అని ఏడ్చింది. అప్పుడు అర్థమైంది నాకు. బాపమ్మ విసిగింది అంగడితో కాదు, తనతోనే అని అత్త అన్ని వారాలూ అనుకుంది.

"ఇసుగు రాలే అత్తా. బాపమ్మ కాలు బండి ఎక్కలే," అన్నాను.

బాపు లేచి బయటికి పోయి బండి దగ్గర నిలబడ్డాడు. అత్త వెనకాలే వెళ్ళి, "ఎంతెత్తు పెరిగిందన్నా?" అని అడిగింది. బాపు రెండు వేళ్ళు చూపించాడు. అత్త ఆ రెండు వేళ్ళనూ పిడికిట్లో పట్టుకుని కుప్పకూలిపోయింది.

తర్వాత బాపు ఆ తలుపు కింద ఇనుప మెట్టు ఒకటి అతికించాడు. దాని మీద కాలు పెట్టాల్సిన మనిషి లేదు. మేము కూడా దాని మీద అడుగు వేయకుండా పక్క నుంచి ఎక్కేవాళ్ళం.

మొన్న టైర్లు బిగించాక మా అబ్బాయి నన్ను పిలిచి, "ఎక్కి చూడమ్మా, అందుతదా?" అన్నాడు. వాడి కళ్ళలో మా బాపు కళ్ళలోని సంబరమే ఉంది. అందుతుందనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నా మోకాళ్ళు కూడా ఇప్పుడు బాపమ్మ మోకాళ్ళే.

"అందుతలేదు బిడ్డా," అన్నాను.

వాడు మెట్టు అతికించమని దుకాణం వాళ్ళకు చెప్పడానికి పోయాడు. నాకు మాత్రం కన్నీళ్ళు ఆగలేదు. ఇంత చిన్న మాట ఆనాడు బాపమ్మో నేనో బాపుతో అని ఉంటే, మా అత్త తలకు ఇంకొన్ని అంగళ్ళు వాళ్ళమ్మ చేతి నూనె అంది ఉండేది.