గ్రూప్ ఫోటోలో నాలుగో వరస

1979లో కుప్పం నుంచి బదిలీ మీద మదనపల్లెలోని ఒక డివిజనల్ ఆఫీసుకు హెడ్ క్లర్కుగా వచ్చాను. ఏ శాఖో చెప్పనక్కర్లేదు. ఆఫీసరు గది ముందు ఒక స్టూలు, దాని మీద డఫేదారు గోవిందప్ప. డఫేదారంటే ఎర్ర పట్టీకి ఇత్తడి బిళ్ల తగిలించుకుని తలుపు దగ్గర కూర్చునే బంట్రోతు. చివరి తరగతి ఉద్యోగే. కానీ సంతకానికి వెళ్లే ఫైళ్లలో ఏది పైన ఉండాలో, ఏది అడుగున పడాలో ఆయన చెయ్యే తేల్చేది. అందుకని గుమస్తాలందరం ఆయన్ని ‘గారు’ అనేవాళ్లం. ఆయన మమ్మల్ని అనేవాడు కాదు.

ఆయన తర్వాత అటెండర్లు ఇద్దరు. పెద్దవాడు రెడ్డెప్ప, పుంగనూరు మనిషి. ఆఫీసరుకు మంచినీళ్లు పరుగున తెచ్చేవాడు. డఫేదారు అడిగితే మాత్రం చెవుడు వచ్చేది. అందరికంటే కింద మునెమ్మ. నిమ్మనపల్లె నుంచి మొదటి బస్సులో వచ్చి, ఆఫీసు ఊడ్చి, కుండలు నింపేది. పార్ట్‌టైము మనిషి కనుక పదకొండేళ్లయినా హాజరు పట్టీలో ఆమె పేరు ఎక్కలేదు.

ఆ వేసవిలో మా ఆఫీసరుకు బదిలీ అయింది. బదిలీ అంటే గ్రూప్ ఫోటో. ఎవరెక్కడ ఉండాలో కాగితం మీద గీయడం హెడ్ క్లర్కు పని. మామూలుగా ఆఫీసరూ సూపరింటెండెంటూ కుర్చీల్లో, గుమస్తాలు వెనక నిలబడి, చివరి తరగతి వాళ్లు ముందు జంపఖానా మీద. గోవిందప్ప కింద కూర్చోనన్నాడు. బిళ్ల కట్టినవాడు ఆఫీసరు కుర్చీ పక్కనే నిలబడాలట.

“ఆయప్ప నిలబడితే మేం యాల కింద కూచోవాల? బిళ్ల తీసేస్తే ఆయప్పా మేమూ ఒగటే గదా!” అన్నాడు రెడ్డెప్ప. వారం రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఈ రగడ మధ్య మునెమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. పుంగనూరు ఆఫీసులో ఫుల్‌టైము స్వీపరు పోస్టు ఖాళీ అయింది. ఇదివరకు పనిచేస్తున్నవాళ్లకే ఇస్తారు, రుజువు చూపాలి.

“నేనీడ పనిచేస్తాండానని ఒగ కాయితమూ ల్యా సార్. ఫోటోలో ఓ మూల కూచుంటా. అదే సూపించుకుంటా.”

సరేనని జంపఖానా చివర ఆమెకు చోటు గీశాను. ఆ కాగితం చూసి ఇద్దరు శత్రువులూ కలిసి నా బల్ల దగ్గరికి వచ్చారు.

“ఆయమ్మ ఉంటే నా బిళ్లకేం మర్యాద సార్?” అన్నాడు గోవిందప్ప.

“డఫేదారుగారు సెప్పేది న్యాయం సార్” అన్నాడు రెడ్డెప్ప. ఆయన నోట ‘గారు’ వినడం నాకదే మొదటిసారి. గోవిందప్ప మెత్తబడి, రెడ్డెప్ప కూర్చుంటే తనూ పక్కనే కూర్చుంటానన్నాడు. వారం రోజుల తగువు ఆమెను తీసేయడంతో తీరిపోయింది.

అందరి వెనకా తెల్లగుడ్డ పట్టుకోవడానికి ఇద్దరు కావాలన్నాడు ఫోటోగ్రాఫరు. ఒక కొస వాచ్‌మన్‌కూ, రెండో కొస మునెమ్మకూ ఇచ్చాను. అది మధ్యేమార్గమని అప్పుడు నా నమ్మకం.

ఫోటో వచ్చింది. డఫేదారు బిళ్ల మెరుస్తోంది. కుడివైపు గుడ్డ అంచు మీద నాలుగు వేళ్లు కనిపిస్తున్నాయి. మునెమ్మ ఒక కాపీ అడిగి తీసుకుని పుంగనూరు వెళ్లింది. మర్నాడు కుండలు నింపుతూ చెప్పింది:

“ఇందులో నువ్వు యాడుండావని అడిగినాడు సార్ ఆ దొర. వేళ్లు సూపించినా. బాగా నవ్వినాడు. వేళ్లకు ఉద్యోగం ఇచ్చేకి కాదంట.”

నిజానికి ఫోటో అవసరమే లేదు. ఆమె పనిచేస్తున్నట్టు రెండు వాక్యాలు రాసి ఆఫీసరు సంతకానికి పెడితే చాలు. రాయడం నా అధికారంలోనే ఉంది. ఆ కాగితం గోవిందప్ప చేతి మీదుగా లోపలికి వెళ్లాలి. ఆయనకు కోపం వస్తే నా ఫైళ్లు అడుగున పడతాయి. అందుకే రాయలేదు.

ఈమధ్య మునెమ్మ పోయింది. దినం నాడు దండ వేయడానికి ఇంట్లో ఆమె ఫోటో లేక, నా దగ్గరేమైనా ఉందేమోనని ఆమె తమ్ముడు వచ్చి అడిగాడు. ఉన్నది ఆ వేళ్ల ఫోటోనే. చూపించలేదు.

ఆ ఆఫీసులో నేను నేర్చుకున్నది ఇంతే. మా అందరి మర్యాదా మా కింద ఇంకొకరు ఉన్నారన్న ధైర్యం మీద నడిచేది. వరసలు గీసిన చెయ్యి మాత్రం డఫేదారుది కాదు, నాది.