ఫార్వర్డ్ చేసిన ఫిర్యాదు

లాక్‌డౌన్లు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడు అది. కోయంబత్తూరులో ఒక వెబ్ హోస్టింగ్ కంపెనీలో నేను అబ్యూజ్ డెస్క్ చూసేదాన్ని. వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకునే వాళ్లకు మా సర్వర్లలో, అంటే ఎప్పుడూ ఆగకుండా నడిచే కంప్యూటర్లలో, చోటు అద్దెకిస్తాం. అదే హోస్టింగ్. ఆ చోటులో ఏం పెట్టుకోవచ్చు, ఏం పెట్టకూడదు అని చెప్పే నియమాల పత్రాన్ని యాక్సెప్టబుల్ యూజ్ పాలసీ అంటారు. ఎవరైనా వాటిని దాటితే ఫిర్యాదు వచ్చేది నా డెస్క్‌కే.

చాలా ఫిర్యాదుల్లో మనుషుల ముఖాలు కనిపించవు. ఒకరి సైట్ నుంచి వేలకొద్దీ స్పామ్ మెయిల్స్ పోతుంటాయి. ఇంకొకరి సైట్‌లో ఎవరో దొంగ బ్యాంకు పేజీ దూర్చి ఉంటారు. ఆ ఫైలు తీసేస్తాం, పాస్‌వర్డ్ మార్పిస్తాం, టికెట్ మూసేస్తాం. టికెట్ అంటే ప్రతి ఫిర్యాదుకూ మేమిచ్చే నంబరు. ఎంత త్వరగా టికెట్ మూస్తే అంత బాగా పని చేసినట్టు లెక్క. నాకు చురుకైనదాన్నని పేరుండేది.

ప్రేమ అనే ఆమె నుంచి ఫిర్యాదు ఒక సోమవారం ఉదయం వచ్చింది. సూలూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో నూలు పరీక్షించే ల్యాబ్‌లో ఆమె పని చేస్తుంది. విడాకులై మూడేళ్లయింది. తరతరాలుగా ఈ తమిళ నేల మీదే ఉంటున్న మన తెలుగు కుటుంబాల కోసం నడిచే ఒక పెళ్లిసంబంధాల సైట్‌లో, రెండో పెళ్లి విభాగంలో, తన ఫొటో, వయసు, మిల్లు పేరు, ఫోన్ నంబరు ఉన్నాయని రాసింది. తాను ఇవ్వలేదు. పొద్దున లేచింది మొదలు ఎవరెవరో ఫోన్ చేస్తున్నారు. కొందరు పెళ్లి మాట వదిలేసి ఇంకేవేవో అడుగుతున్నారు. ఆ పేజీ తీసేయించండి అని అడిగింది. అంతా ఇంగ్లిష్‌లో, పెద్ద పెద్ద పేరాలుగా ఉంది.

పేజీ తెరిచి చూశాను. ఆమె చెప్పింది నిజమే. సిద్ధంగా ఉన్న జవాబు ఒకటి అతికించాను: మేం చోటు ఇచ్చేవాళ్లం మాత్రమే, సైట్‌లో ఉన్నవాటికి యజమానిదే బాధ్యత, మీ ఫిర్యాదు వారికి పంపుతున్నాం. తర్వాత ఆమె మెయిల్‌ను ఉన్నదున్నట్టు సైట్ యజమానికి ఫార్వర్డ్ చేశాను. రెండు నిమిషాల పని.

గురువారం ఆమె ఫోన్ చేసింది. మొదట తమిళంలో మొదలుపెట్టి, నా మాట యాస విని తెలుగులోకి వచ్చింది.

"మేడం, నా కంప్లైంట్‌ని ఆయనకి ఎవురు పంపించినారు?"

"నేనే పంపించాను. అది మా ప్రొసీజర్ అండి."

"నేను రాసింది కడ వరకు చదివినారా?"

టికెట్ తెరిచాను. చివరి పేరా నేను చదవలేదు. అందులో ఇలా ఉంది: ఈ వివరాలు ఇచ్చింది మా అన్న. నేనుండేది ఆయన ఇంట్లోనే. నేను ఫిర్యాదు చేశానని ఆయనకు తెలియనివ్వకండి.

సైట్ యజమాని నా మెయిల్ అందగానే ఆమె అన్నకు ఫోన్ చేశాడు. అన్న బుధవారం షిఫ్ట్ మారే వేళకు మిల్లు గేటు దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా, ఇంటి మానం రోడ్డుకీడ్చావని ఆమెను తిట్టాడు. ఆమె ఆ సాయంత్రమే ఒక సంచిలో బట్టలు సర్దుకుని మిల్లు హాస్టల్‌కు వచ్చేసింది.

"నన్ను క్షమించండి" అన్నాను.

"సారీ ఒద్దు మేడం. ఆ ఫొటో ఇంకా ఆడే ఉండాది. ఏం చేస్తారో అది చెప్పండి."

సాయంత్రంలోగా నేనే ఫోన్ చేస్తానన్నాను.

ఆ మధ్యాహ్నం నేను మా పాలసీని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివాను. ఎన్ని వందల మందికి దాని లింక్ పంపానో నాకే తెలియదు, కానీ పూర్తిగా చదవడం అదే మొదటిసారి. ఎనిమిదో పేజీలో దొరికింది: ఒక వ్యక్తి సొంత వివరాలను ఆ వ్యక్తి స్వయంగా ఇచ్చిన అనుమతి లేకుండా ప్రచురించకూడదు. అలా చేస్తే హెచ్చరించి, గడువిచ్చి, ఆ భాగాన్ని ఆపేసే హక్కు కంపెనీకి ఉంది. 'స్వయంగా' అనే మాట అక్కడ స్పష్టంగా ఉంది. అన్న ఇస్తే చాలని ఎక్కడా లేదు.

మా కంపెనీ నడిపే ముత్తు సార్ గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పాను, చివరి పేరా చదవని సంగతితో సహా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు ప్రొసీజర్ ప్రకారమే చేశావు శాంతామణీ. దాన్ని అక్కడితో వదిలెయ్. ఆ సైట్ యజమాని రంగసామి గారు మన పాత కస్టమర్. ఆయన చెబితే సొంతవాళ్లంతా మన దగ్గరే సైట్లు పెట్టుకున్నారు" అన్నారు తమిళంలో.

"ప్రొసీజరే తప్పు సార్. పాలసీలో ఉన్నది ఒకటి, మనం చేసేది ఒకటి. ఆయనకు నోటీసు ఇస్తాను."

వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. నేను ఆయన గదిలోంచి వచ్చి నోటీసు రాశాను. మంగళవారం ఉదయం పది గంటల వరకు గడువు. ప్రేమకు ఫోన్ చేసి ఆ గడువు సంగతి చెప్పాను.

"మంగళవారమా? ఇంకా ఐదు దినాలా?" అంది.

"సైట్ యజమానికి చెప్పకుండా తీసేస్తే రేపు మళ్లీ పెట్టేస్తాడు. ఫోన్ నంబరు మాత్రం ఈరోజే కనబడకుండా చేస్తాను. అది నా చేతిలో ఉంది" అన్నాను. చేశాను కూడా.

ఇంగ్లిష్ నోటీసు పంపి ఊరుకుంటే మళ్లీ అదే తప్పు చేసినట్టని నాకు తోచింది. రంగసామి గారి మెయిల్స్ ఆయన ఊళ్లో ఒక కంప్యూటర్ సెంటర్ వాళ్లు చూసి చెబుతారు. అందుకే శనివారం సెలవు పెట్టి, నోటీసు కాగితం బ్యాగులో పెట్టుకుని ఉడుమలైపేట బస్సెక్కాను.

ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. కొబ్బరి ఎండబెట్టే కళ్లం పక్కనే ఇల్లు. ముందు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్, గోడ పొడుగునా జాతకాల ఫైళ్లు. మా ఇంటి పేరు, మా అమ్మ పుట్టిల్లు అడిగి తెలుసుకుని, మజ్జిగ ఇప్పించి, అప్పుడు విషయంలోకి వచ్చారు.

"అమ్మణీ, నేను దీంట్లో ఒక్క పైసా తీసుకునేది లేదు. ఏంటికి చేస్తా ఉండానో తెలుసునా? నా చెల్లెలికి ఇరవై ఆరేండ్లకే మొగుడు పోయినాడు. మళ్లా కల్యాణం అన్న మాట మా ఇంట్లో ఒక్కరూ ఎత్తలే. అరవై ఏండ్ల దాకా అదే అరుగు మీద కూర్చోని ఉండిపొయ్యింది. అట్లా ఇంగొక ఆడబిడ్డ ఉండకూడదనే ఈ సైట్ పెట్టింది."

ఆ మాట విన్నాక నేను సిద్ధం చేసుకుని వెళ్లిన వాక్యాలన్నీ చేదుగా అనిపించాయి. అయినా కాగితం బయటకు తీసి, ఆ నియమాన్ని మన తెలుగులో చదివి చెప్పాను.

"దీనికి మీరు సరే అన్నారు మామా, సైట్ తెరిచిన దినమే."

"నేనా? నాకు ఎవురు చదివి చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. అది మా తప్పు. ఇప్పుడు నేను చెప్తా ఉండాను."

"వాళ్లన్న ఇచ్చినాడమ్మా. రాసి, సంతకం పెట్టి ఇచ్చినాడు. ఇంట్లో పెద్దవాడు చెప్తే సాలదా?"

"సాలదు మామా. ఆ దినం మీ చెల్లెల్ని ఎవురన్నా అడిగినారా, నీకు మళ్లా కల్యాణం కావాలా ఒద్దా అని?"

"అడగలే. అదే కదా నేను చెప్పేది."

"ప్రేమనూ ఎవురూ అడగలే."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆడబిడ్డను అడిగితే ఒద్దనే అంటాది. సిగ్గు ఉంటాది, భయం ఉంటాది. అందుకే పెద్దవాళ్లం ఉండేది. నువ్వు సదువుకున్న పిల్లవి, మన సొందం, నువ్వే ఇట్లా వచ్చి నిలబడితే ఎట్లా? నేను తీయను. కండిప్పా తీయను."

"సరే మామా. మంగళవారం పది గంటలకు నేను ఆపేస్తాను. చెప్పకుండా చేయకూడదనే వచ్చినాను."

నోటీసు బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి బయటకు వచ్చాను. తిరుగు బస్సెక్కాను. ఆయన చెడ్డవాడై ఉంటే నా పని తేలికయ్యేది.

మంగళవారం పది గంటలకు ప్రేమ పేజీ ఒక్కటే ఆపేశాను. పన్నెండింటికి కంప్యూటర్ సెంటర్ వాళ్లచేత ఆయన దాన్ని కొత్త పేజీగా మళ్లీ పెట్టించారు. ఈసారి ఫోన్ నంబరు కూడా ఉంది. హెచ్చరించాక రెండోసారి అదే పని చేస్తే మొత్తం విభాగాన్ని ఆపాలని పాలసీ చెబుతుంది. ఆ విభాగంలో ఇంకా చాలామంది ఆడవాళ్ల వివరాలున్నాయి. అందులో కొందరైనా నిజంగా సంబంధం కోసం ఎదురుచూస్తుండొచ్చు. పావుగంట ఆలోచించాను. వాళ్లలో ఎవరు స్వయంగా ఒప్పుకున్నారో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. రెండో పెళ్లి విభాగం మొత్తం సస్పెండ్ చేశాను.

అరగంటలో ముత్తు సార్ పిలిచారు. ఆయన ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "రంగసామి గారు అందరినీ తీసుకుని వేరే కంపెనీకి పోతానంటున్నారు. తెరిచెయ్."

"తెరవను సార్. మీకు తెరిచే అధికారం ఉంది. తెరవమని టికెట్‌లో మీరే రాయండి, ఏ నియమం ప్రకారమో కూడా రాయండి. ఆ అమ్మాయి రేపు ఫోన్ చేస్తే నేను అదే చదివి వినిపిస్తాను."

ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన నా వంక చూశారు. ఫోన్‌లో "రేపు మాట్లాడతానండి" అని పెట్టేశారు. టికెట్‌లో ఏమీ రాయలేదు.

తర్వాత రెండు రోజులు ఏమీ జరగలేదు. శుక్రవారం రంగసామి గారే నాకు నేరుగా ఫోన్ చేశారు. గొంతులో మునుపటి బిగువు లేదు.

"అమ్మణీ, నిన్న ఒక బిడ్డ ఫోన్ చేసింది. పేరు ఏంటికిలే. 'మామా, పేజీ తీసేసినారే, చాలా సంతోషం మామా, మీకు పుణ్యం ఉంటాది' అనింది. నేనే తీసినాను అనుకునింది. రెండేండ్లుగా దానికి ఆ ఫోన్లు వస్తా ఉండాయంట. నా ముందర చెప్పడానికి భయపడినాదంట. నేను భయపెట్టే మనిషినా అమ్మణీ?"

"మీరు కాదు మామా. ఎవురిని అడగాలో తెలియక ఉండి ఉంటాది."

"ఇంగ ఎంతమంది ఉండారో. అందరినీ నేనే అడగతాను. ఎట్లా అడగాలో చెప్పు."

ఇద్దరం ఫోన్‌లోనే కూర్చుని ఒక చిన్న అనుమతి పత్రం తయారు చేశాం. రాత తమిళంలో, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమందికి చదవడం వచ్చేది అదే. మొదటి ప్రశ్న: ఈ వివరాలు ఇస్తున్నది మీరేనా? రెండోది: ఫోన్ నంబరు అందరికీ కనిపించాలా, మామ దగ్గరే ఉండాలా? మూడోది: వద్దనుకుంటే ఏ రోజైనా మామకు చెబితే తీసేస్తారని మీకు తెలుసా? ఆయన ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి, తండ్రులను, అన్నలను పక్కకు జరగమని, ఆ ఆడమనిషితోనే మాట్లాడారు. నెల పట్టింది. కొందరు సరేనన్నారు. కొందరు వద్దన్నారు. తమ పేరు అక్కడుందని తెలియనివాళ్లు కూడా ఉన్నారని ఆయనే చెప్పారు. సరేనన్నవాళ్ల పేజీలు మాత్రం నేను తెరిచాను. ఆయన ఏ కంపెనీకీ పోలేదు.

ప్రేమను నేను ఒకసారే చూశాను. ఆ మిల్లుకు వెళ్లి, క్యాంటీన్ బయట బెంచీ మీద కలిశాను. నా తప్పు సంగతి కాగితం మీద రాసి, ముత్తు సార్ చేత కూడా సంతకం పెట్టించి తీసుకెళ్లాను. ఆమె నిదానంగా, చివరి వరకు చదివింది. ఫోన్లు బాగా తగ్గాయని చెప్పింది. అన్నతో మాటల్లేవు. హాస్టల్‌లోనే ఉంటోంది. వచ్చే నెల నుంచి ఇంకో అమ్మాయితో కలిసి చిన్న ఇల్లు తీసుకుంటానంది.

"మీరు ఆయన ఇంటి దాకా పొయ్యి చేసింది నేను మరవను మేడం" అంది కాగితం మడుస్తూ. "ముందర చేసింది కూడా మరవను. రెండూ నాకు ఉండాయి."

తలూపాను. విజిల్ మోగింది, ఆమె ల్యాబ్‌కు వెళ్లిపోయింది.

ఆ తర్వాత మా ప్రొసీజర్ మారింది. ఫిర్యాదు చేసినవాళ్లను అడగకుండా, వాళ్ల పేరు తీసేయకుండా, ఏ మెయిల్‌నూ ఇప్పుడు మేం కస్టమర్‌కు పంపం. కొత్త కస్టమర్లకు ముఖ్యమైన నియమాలను తమిళంలో, అడిగితే తెలుగులో, ఫోన్‌లో చదివి చెబుతాం. టికెట్లు మూయడంలో నేనిప్పుడు ఆఫీసులో అందరికంటే నిదానం. ముత్తు సార్ అప్పుడప్పుడు ఆ మాట అంటారు కూడా. అననిస్తాను. ప్రచురించడానికి ఆ మనిషి అనుమతి కావాలని కస్టమర్‌కు నియమం పెట్టినవాళ్లం మేమే. అదే మనిషి రహస్యాన్ని అడగకుండా ఇంకొకరి చేతిలో పెట్టినవాళ్లమూ మేమే. నియమం ముందు నన్ను ఆపాలి, ఆ తర్వాతే ఎదుటివాణ్ని. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అయినా, నేర్చుకోవడానికి ఒక మనిషి ఇల్లు వదలాల్సి వచ్చింది.