రెండో నంబర్ మోటారు

మా ట్రక్కు పంపుహౌసు ముందు ఆగేసరికి ఉదయం ఆరూ ఇరవై. వాన తగ్గి తుంపర పడుతోంది. నేలంతా మోకాలి దాకా ఒండ్రు. మేం ఎనిమిది మందిమి: సుబేదార్, రేడియో ఆపరేటర్, వెల్డర్, వంటవాడు, ముగ్గురు జవాన్లు, ఎలక్ట్రీషియన్‌గా నేను. సామాను: జనరేటర్, చైన్ పుల్లీ, పన్నెండు హాలోజన్ దీపాలు, రెండు టార్పాలిన్లు, మెగ్గర్. మోటారు లోపలి తీగచుట్టలో తేమ ఉందో లేదో చెప్పే పెట్టె అది.

సైన్యంలో పదిహేడేళ్లు చేశాను. మంచు కొండలు చూశాను, ఎడారి చూశాను. నాది పోచంపల్లి. సొంత భాష మాట్లాడుతూ డ్యూటీ చేసింది మాత్రం మహబూబ్‌నగర్ వైపు, కృష్ణ ఒడ్డున, ఆ మూడు రోజులే.

ఆర్డరు చిన్నది. వరదలో రెండు మోటార్లూ మునిగాయి. పదకొండు ఊళ్లకు, ఒక దవాఖానకు తాగునీళ్లు వాటివే. ట్యాంకర్లు వెళ్లే రోడ్డు తెగింది, ఎత్తు చక్రాల మా ట్రక్కు తప్ప ఏదీ దాటలేదు. గడువు డెబ్బై రెండు గంటలు. మా దీపాలు ఒక్క మోటారును ఆరబెట్టడానికే సరిపోతాయి. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

లోపలికి వెళ్లి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బురద కడగాలంటే మోటారు బయటికి రావాలి. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు, మోటారు మూడడుగులు. మోటార్లు దించిన తర్వాత చుట్టూ గోడలు లేపారు. పైకప్పుకు కొక్కెం లేదు. రెండో మోటారుకు గ్రీసు పెట్టే మూతి గోడవైపు ఉంది. మధ్యలో నాలుగు వేళ్ల సందు. ఈ యంత్రం ఏదో ఒక రోజు పాడవుతుందని కట్టినవాళ్లకు తట్టినట్టు లేదు.

"ఒకటో నంబర్ కొత్తగా కనిపిస్తోంది. అదే తీద్దాం," అన్నారు సుబేదార్ హిందీలో.

పంపు ఆపరేటర్ యాదమ్మ అక్కడే ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. పదకొండేళ్లుగా ఆ మోటార్లు నడుపుతోంది. నేను సుబేదార్ మాట చెప్పగానే తల అడ్డంగా ఊపింది.

"గా ఒకటోది పైన రంగే తమ్మీ. లోపట బేరింగు ఎప్పుడో పోయింది. రెండోది ముసల్దే గని మంచిగుంటది. గ్రీసు నేనే పెడుతున్న."

"గా సందులకెళ్లి ఎట్ల పెడుతున్నవక్కా? చెయ్యే పట్టదు."

"గ్రీసు గన్నుకు రబ్బరు పైపు గుచ్చి, కట్టెతోని అందిస్త. కింద పండుకోని పెట్టాలె. చెయ్యి పట్టదని మోటారు ఊకుంటదా?"

స్టూలెక్కి, దూలం మీది నుంచి ప్లాస్టిక్ సంచి దించింది. అందులో నోటుబుక్కు. ప్రతి రోజూ రెండు మోటార్ల లెక్క ఉంది. బేరింగు మీద చెయ్యి పెట్టి చూసి రాసిన మాటలు: సల్లగ, గోరువెచ్చగ, కాలుతాంది. ఒకటో నంబర్ కింద రెండు నెలలుగా "కాలుతాంది". ప్రతి పేజీ అడుగున ఒకటే వాక్యం: "గోడ తీయాలె."

నేను చదివి చెబుతుంటే సుబేదార్ నిటారుగా నిలబడి విన్నారు. తర్వాత రేడియో ఆపరేటర్‌తో హెడ్‌క్వార్టర్స్‌ను పట్టించారు.

"గోడ పగలగొట్టడానికి అనుమతి కావాలి. ఓవర్."

"ఎంత గోడ? ఓవర్."

"మోటారు పట్టేంత. ఓవర్."

పావుగంటకు అనుమతి వచ్చింది. జవాను సుత్తి ఎత్తబోతే యాదమ్మ చెయ్యి చాపింది. "మొదటి దెబ్బ నాది."

మధ్యాహ్నం రెండుకల్లా రెండో నంబర్ బయటికి వచ్చింది. విప్పాం, మంచినీళ్లతో కడిగాం, బేరింగులు తుడిచి కొత్త గ్రీసు పెట్టాం. చుట్టూ దీపాలు పెట్టి, పైన టార్పాలిన్ బిగించాం. సాయంత్రం మెగ్గర్ పెడితే సున్నా, అంటే ఇంకా తడే. రెండో రోజు ఉదయం సున్నా. మధ్యాహ్నమూ సున్నా. దవాఖానలో నీళ్లు రేపటి దాకానే వస్తాయని రేడియోలో కబురు. సుబేదార్ ఒకటో నంబర్ వైపు చూశారు.

యాదమ్మ టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి బయటికి తీసింది. అరచెయ్యి తడిగా ఉంది.

"తమ్మీ, ఆవిరి ఏడికి పోవాలె? అన్నం కుండ మీద గట్టిగ మూత పెడితే నీళ్లు ఎట్ల ఇంకుతయి? పైన జర బొక్క పెట్టుండ్రి."

నేను హిందీలో చెబితే మా వంటవాడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గుతోనే. వేడి పోకూడదని తేమను కూడా లోపలే బంధించాను. పైన కోశాం, కింద అంచు ఎత్తాం. సాయంత్రానికి మెగ్గర్ ముల్లు కదిలింది. మూడో రోజు ఉదయానికి నిశ్చింతగా నడపగలిగేంత చూపించింది. జవాన్లు ఈలలు వేశారు.

మోటారును అలాగే తిరిగి దించితే యాదమ్మకు మళ్లీ ఆ పాట్లే. వెల్డర్ గోడల మీద అడ్డంగా ఇనుప దూలం వేసి కొక్కెం పెట్టాడు. నేను గ్రీసు మూతికి రాగి గొట్టం తగిలించి ముందువైపుకు తెచ్చాను. పగిలిన చోట గోడ కట్టకుండా పెద్ద తలుపుకు చట్రం నిలబెట్టాం.

"ఇగ కూసోని పెడత," అంది యాదమ్మ.

సాయంత్రం నాలుగూ పదికి ఆమే స్విచ్ వేసింది. బేరింగు మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. "సల్లగుంది," అంది.

తొమ్మిది కిలోమీటర్ల అవతల, చివరి ఊరి ట్యాంకు దగ్గర మా రెండో రేడియో సెట్టుతో ఒక జవాను ఉన్నాడు. అందరం రేడియో చుట్టూ చేరాం. గంటకు పైగా గరగర తప్ప ఏమీ లేదు.

"నీళ్లు వస్తున్నాయి. ఓవర్."

"రంగు చెప్పు. ఓవర్."

"ఎర్రగా." మళ్లీ కాసేపు గరగర. "తేటగా వస్తున్నాయి! తేటగా! ఓవర్!"

సుబేదార్ అప్పటికి నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట గట్టిగా అరిచారు. "మంచిగయింది!" ఊరి ఆడవాళ్లు జొన్న రొట్టెలు, పచ్చి పులుసు తెచ్చారు. ఆ పూట మా వంటవాడు పొయ్యి ముట్టించలేదు.

మరునాడు ఉదయం ఏడింటికి బయలుదేరాం. ఇప్పుడు నార్కట్‌పల్లిలో మోటార్లు బాగు చేసే షాపు పెట్టుకున్నాను. బోరు గది కడుతున్నామని ఎవరొచ్చినా, పాడైతే ఎట్ల తీస్తరని ముందే అడుగుతాను. ఇక ఆ రోజు తిరుగుదారిలో చూసింది చెప్పాలి.

చివరి ఊళ్లో ట్యాంకు నిండిపోయింది. అంచు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. వాల్వు కట్టేయాల్సిన ముసలాయన ఆ ధార కింద నిలబడ్డాడు. తెల్ల ధోవతి, కమీజు, కళ్లద్దాలతో సహా. ముడిచిన గొడుగు చంకలోనే ఉంది. మా ట్రక్కును చూసి కూడా జరగలేదు. ముఖం పైకెత్తి, నోరు తెరిచి నవ్వుతున్నాడు.

సుబేదార్ ట్రక్కు ఆపించారు. బూట్లతోనే దిగి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డారు.