అన్న పిస్టల్ పౌచ్

మా అన్న ఊళ్లో ఒక నాయకుడికి గన్‌మన్‌గా చేసేవాడు. "కొత్త పిస్టల్ పౌచ్ ఇచ్చిండ్రు తమ్మీ, కూసుంటే నడుమంత ఒరుసుకపోతున్నది" అని ఒకసారి ఫోన్‌లో చెప్పాడు. దోహాలో, నజ్మా అనే పేటలో, చెప్పులు, బ్యాగులు బాగుచేసే షాపులో నాది తోలు కుట్టే పని. "సెలవుల వచ్చినప్పుడు సరిజేస్త అన్నా" అన్నాను. వెళ్లాను గానీ, ఇంట్లో పెళ్లి పనుల్లో పడి మరిచిపోయాను. మరుసటి ఏడాది అన్న గుండెపోటుతో పోయాడు. కబురు అంది ఊరికి చేరి, ఆఖరి స్నానం చేయిస్తుంటే కుడి నడుము మీద నల్లగా కాయ కాసి కనిపించింది.

మొన్న షాపుకు ఒక పోలీసాయన అలాంటి పౌచే తెచ్చి, కారులో కూర్చుంటే గుచ్చుకుంటోందన్నాడు. అంచు చెక్కి, లోపల మెత్తటి తోలు వేసి, బెల్టు పట్టీని కాస్త వెనక్కి జరిపి కుట్టాను. ఆయన పెట్టుకుని, కూర్చుని, లేచి నవ్వాడు. మొత్తం అరగంట పట్టింది. ఆ రోజు ఇంకో పని ముట్టలేకపోయాను.