గంగాధర్ బావా, ఆ గ్లౌజులు కోయాల్సింది

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, బావ ఇగ లేడురా" అంది.

నేను షాపు షట్టర్ ఎత్తుతున్నాను. సగం ఎత్తి అట్లాగే నిలబడిపోయాను. ముందురోజు సాయంత్రమే ఆస్పత్రిలో డాక్టర్ "ఇంకో రెండు రోజులు చూద్దాం" అన్నారు. ఆ మాట పట్టుకునే నేను పనిలోకి వచ్చాను.

ఈ గ్రూప్‌లో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా బావ గంగాధర్ నిజామాబాద్‌లో ఇనుప బీరువాలు, కుర్చీలు చేసే షెడ్‌లో పెయింటర్. హై వోల్టేజ్ స్ప్రే గన్ పట్టేవాడు. పెయింట్‌కు కరెంట్ ఛార్జ్ ఎక్కించి కొడితే అది ఇనుమును వెతుక్కుంటూ పోయి అతుక్కుంటుంది. ముందు నుంచి కొట్టినా కుర్చీ పైపు వెనక కూడా రంగు పడుతుంది.

మొదటిసారి నాకు అది చూపించి, తనే కనిపెట్టినట్టు నవ్వాడు.

ఆ షెడ్‌లో బావంత జాగ్రత్త మనిషి లేడు. చిన్న స్పార్క్ వచ్చినా అంటుకుంటుందని, లోపలికి ఎవరు వచ్చినా ఫోన్, తాళంచెవులు, ఉంగరాలు బయట బల్ల మీద పెట్టాల్సిందే. ఓసారి కోటగిరి నుంచి ఒక పెద్ద రైతు తన బీరువా చూసుకోవడానికి వచ్చారు. తాతల కాలంలో ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నాలుగు వేళ్లకూ ఉంగరాలు.

"ఏంటయ్యా, గుడి ముందు చెప్పులు విప్పినట్టు ఇవన్నీ విప్పాలా?" అన్నారాయన.

"గుడిల అయితే దేవుడు సూస్కుంటడు సార్. ఈడ నేనే సూస్కోవాలె" అన్నాడు బావ.

ఆయన నవ్వి తీసేశారు. తీయకపోతే బావ గన్ ఆన్ చేసేవాడు కాదు.

బావకు ఇంకో అలవాటు ఉండేది. ఏ గ్లౌజులు ఇచ్చినా బ్లేడు తీసుకుని అరచెయ్యి దగ్గర గుండ్రంగా కోసేసేవాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. చెమట పట్టకుండా ఉండటానికేమో అనుకున్నాను.

మొన్న దసరాకు బోధన్‌లో మా ఇంటికి వచ్చాడు. మటన్ వడ్డిస్తే చెంచా అడిగాడు.

"బావ ఆఫీసర్ అయిండు, ఇగ చేతితోని తినడట" అని నేనే మొదలుపెట్టాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వుతూనే అరచెయ్యి చూపించాడు. రంగు పలచన చేసే థిన్నర్‌కు చర్మం పగిలి పచ్చిపుండులా ఉంది. కారం తగిలితే ప్రాణం పోతోందన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నేను పనిచేసేది ఎరువుల దుకాణంలో. చేలకు మందు కొట్టే రైతులకు మందపాటి రబ్బరు గ్లౌజులు అమ్ముతాం. వాటిలో మంచి జత ఏరి బావకు తీసుకెళ్లి ఇచ్చాను.

"బావా, ఇవి మాత్రం కోయకు. కోస్తే ఇగ నీకేం తేను" అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

ఐదు రోజుల కింద, ఒక రంగు అయిపోయి ఇంకో రంగు వేయాలి. గన్ కడగడానికని దాన్ని పక్కన పెట్టి, కోయని ఆ గ్లౌజులతోనే థిన్నర్ డబ్బా వైపు వంగాడట. మోచెయ్యి డబ్బాకు తగిలింది. చిన్న స్పార్క్. వెంటనే మంట.

అసలు విషయం ఆస్పత్రి వరండాలో సాయిలన్న చెప్పాడు. ఆ షెడ్‌లో బావతో పాటే గన్ పట్టే మనిషి.

"గన్ పట్టెటోని అరచెయ్యి హ్యాండిల్‌కు తగలాలె తమ్మీ. గట్లయితెనే ఒంటికెక్కిన కరెంటు ఎర్తుకు పోతది. గ్లౌజు నిండ ఉంటె అంత మనిషిలనే జమయితది."

షెడ్ నేల మీద పెయింట్ ఎండి పొరలు కట్టి నెలలైందట, కాళ్ల కింది నుంచి కూడా కరెంట్ దిగే దారి లేదట. దాన్ని గీకించమని బావ ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదట. నేల శుభ్రంగా ఉండి, సరైన బూట్లు ఇచ్చి, డబ్బాకు ఎర్త్ వైరు కట్టి ఉంటే ఇట్లా అయ్యేది కాదేమో.

ఇవన్నీ ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి ఏం చేయను.

బావ మాట్లాడగలిగింది మొదటి రోజు ఒక్కటే. నోటి దగ్గర చెవి పెడితే తప్ప వినపడలేదు.

"చేతులు మండకుంట హాయిగ ఉండెరా. ఒక్క పూటకు ఏమయితది అనుకున్న."

మళ్లీ అన్నాడు.

"గ్లౌజులు నువ్విచ్చినవని మీ అక్కకు చెప్పకు."

సరే అన్నాను. ఒళ్లంతా కాలిన మనిషి నా గురించి ఆలోచిస్తున్నాడు. పట్టుకుందామంటే రెండు చేతులకూ కట్లే. మంచం పక్కన ఊరికే నిలబడ్డాను.

నిన్న అన్నీ అయిపోయాక అక్క అడిగింది. "ఆయన నీతోని ఏమన్న అన్నడారా?"

"ఏమనలే అక్కా."

ఆమె నమ్మింది. పొద్దటి నుంచి నేను ఏమీ తినలేదని, తన ఏడుపు ఆపుకుని నాకు నీళ్లు తెచ్చిచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చేశాను.

మన వాళ్లలో పెయింట్ షెడ్లలో పనిచేసేవాళ్లు ఉన్నారు. దండం పెట్టి అడుగుతున్నాను. ఆ గన్ పట్టేముందు గ్లౌజు అరచెయ్యి కోయండి. కొత్తవైనా సరే, ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా సరే. ఎందుకు కోస్తారో తెలియని నాలాంటివాళ్లు వద్దంటే వినకండి.

అక్కా, బావకు ఇచ్చిన మాట బావ పోయాక ఒక్క రోజు కూడా నిలబెట్టుకోలేకపోయాను. నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక, నువ్వూ ఉన్న ఈ గ్రూప్‌లో రాస్తున్నాను. ఆ గ్లౌజులు ఇచ్చింది నేనే. కోయొద్దన్నదీ నేనే.

నీ వాకిట్లోనే కూర్చుని ఉన్నాను. ఇది చదివి బయటికి వచ్చి ఏమైనా అను, పడతాను. రాకపోయినా ఇక్కడే ఉంటాను.

బావా, పోయిరా. ఇకనైనా నీకు ఏ మంటా తగలకుండా, చల్లగా ఉండు.