చింతపండుతో తోమిన వెండి

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో ఉన్నన్నాళ్లూ నరసింహ తను పోగుచేసిన పాత వెండి అర డాలర్ నాణేలను అంచు పట్టుకునే తీసేవాడు. ముఖం మీద వేలు పడనిచ్చేవాడు కాడు.

"నాణేలకి కూడా మడేనా? మీకంటే అత్తగారే నయం," అనేది భార్య వసుమతి.

పదమూడేళ్లలో నలభై పోగయ్యాయి. అందులో ఒకటి వేరు. 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించినది. సూర్యుడి వైపు నడిచిపోతున్న స్త్రీ బొమ్మ. ఎవరి జేబులోనూ అరగకుండా మిగిలింది. దాని మీద పొగరంగు పొర ఒకటి కమ్ముకుంది. ఆ పొర చెక్కుచెదరకుండా ఉంటేనే దానికి వెల. ఆ సంగతి అతనికి తెలుసు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

1982 వేసవిలో కార్ల కంపెనీ అతన్ని తీసేసింది. ఆ ఒక్క నాణెం అమ్మితే, మరో ఉద్యోగం దొరికేదాకా అప్పు వాయిదాలు కట్టి ఇల్లు నిలుపుకోవచ్చు. శనివారం పాత నాణేలు కొనే కొట్టుకు తీసుకెళ్దామని వసుమతితో అన్నాడు.

శుక్రవారం ఆమె వరలక్ష్మీ వ్రతం చేసుకుంది. మర్నాడు పొద్దున కలశం పక్కన నాణెం తెల్లగా మెరుస్తూ కనిపించింది.

"నల్లగా ఉంటే ఎవడు కొంటాడండీ? చింతపండుతో తోమి, విభూతితో తుడిచాను. ఎంత కళ వచ్చిందో చూడండి!"

అతను దాన్ని అంచు పట్టుకుని తీశాడు. "వచ్చింది," అన్నాడు.

ఆమె కారులోనే కూర్చుంది. కొట్టు ముసలాయన భూతద్దం కింద నాణేన్ని ఒకసారి తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరు కడిగారు దీన్ని?"

"నేనే."

"మీరా?" ముసలాయన అతని వేళ్ల వైపు చూశాడు. "ఇంక దీనికి తూకానికి వచ్చే వెండి ధరే."

నరసింహ బయటికొచ్చాడు. మొదటిసారి నాణెం ముఖం మీద బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు.

"ఏమన్నాడండీ?"

"బాగా మెరుస్తోందన్నాడు."

"చెప్పానా! మరి కొనలేదేం?"

"నాకే ఇవ్వబుద్ధి కాలేదు."

"ఇల్లో?"

అతను కారు స్టార్ట్ చేశాడు.

క్రిస్మస్ లోపే ఇల్లు పోయింది. అరోరా అనే మరో ఊళ్లో చిన్న ఉద్యోగం, అద్దె అపార్ట్‌మెంట్. "మా ఆయన ఇల్లైనా వదిలారు గాని బిళ్ల వదల్లేదు," అనేది ఆమె, వచ్చినవాళ్లతో నవ్వుతూ. వాళ్లు వెళ్లాక నవ్వేది కాదు.

ప్రతి శుక్రవారం ఆమె దాన్ని తోమి పూజలో పెట్టేది. 1989 నాటికి బిళ్ల మీద నడిచే స్త్రీకి ముఖం అరిగిపోయింది.

పొద్దున్నే లేచి చింతపండు నానబెట్టేది మాత్రం అతనే.