ముత్యాలు గుచ్చే ఊరు

ఖతర్‌లో దోహా పక్కనున్న ముఐథర్‌లో ఒక ఇంటికి నేను డ్రైవర్‌ని. మాది కడప జిల్లాలో ఒక పల్లె. చేరిన కొత్తలో యజమాని తల్లి ఏ ఊరని అడిగితే కడప అన్నాను. ఆమెకేమీ అర్థం కాలేదు. ఇక లాభం లేదని హైదరాబాద్ అన్నాను. "ఓ, హైదరాబాద్!" అంటూ ఆమె ముఖం విప్పారింది. ఖతర్‌లో మనవాళ్ళం చాలామందిమి ఇంతే. సొంతూరు ఎవరికీ తెలియని చోట ఆ పెద్ద ఊరి పేరే చెప్పుకుంటాం. నా మటుకు నాకు హైదరాబాద్ అంటే విమానం దిగి కడప బస్సెక్కే చోటు, అంతే.

ఇంట్లో పనిచేసేవాళ్ళమంతా పెద్దావిడను "మామా" అంటాం. వాళ్ళ భాషలో అమ్మ అని. నాకైతే మేనమామను పిలిచినట్టుండి మొదట్లో నవ్వొచ్చేది. ఆమె అరబ్బీ కలిపిన హిందీ బాగానే మాట్లాడుతుంది.

ఒకరోజు ఆమె ఒక చిన్న డబ్బా తెచ్చి నా ముందు తెరిచింది. దారం చివికి తెగిపోయిన ముత్యాల దండ. వాళ్ళ నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడట. ఇవి తన భార్య కోసం దాచి ఇచ్చినవట.

"మంచి ముత్యాలన్నీ హైదరాబాద్ పోతాయని మా నాన్న చెప్పేవాడు. నువ్వు హైదరాబాదే కదా, గుచ్చిపెట్టు" అంది.

"మామా, నాకు మల్లెపూలు కట్టడం కూడా రాదు. మాది హైదరాబాద్ కాదు, కడప. అక్కడికి రాత్రంతా బస్సులో పోవాలి" అని ఉన్నమాట చెప్పేశాను.

ఆమె కోప్పడలేదు, కడుపుబ్బ నవ్వింది. "అయితే అసలు హైదరాబాద్ మనిషిని తీసుకురా. అంగడికి ఇవ్వను. నా కళ్ళ ముందే గుచ్చాలి."

పక్కింటి డ్రైవర్ కూడా తనది హైదరాబాదనే చెప్పేవాడు. వెళ్ళి అడిగాను. "మాది సింధ్‌లో హైదరాబాద్, భాయ్, పాకిస్తాన్. మా ఊళ్ళో గాజులు చేస్తారు. కావాలంటే గాజులు తెప్పిస్తా" అని హిందీలో చెప్పి అతనూ నవ్వాడు.

అప్పుడు దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉండే టైలర్ గుర్తొచ్చాడు. బురఖాలు కుట్టే పాతబస్తీ మనిషి, నాకంటే పెద్దవాడు. భాయ్ అని పిలుస్తాను. ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మా అమ్మ చార్మినార్ దుకాణాలకు ఇంట్లనే గుచ్చి ఇస్తుండె, తమ్మీ. ఆమె పక్కన కూసొని నేర్చుకున్న. శుక్రవారం వచ్చి తోల్కపో."

శుక్రవారం మధ్యాహ్నం తీసుకెళ్ళాను. భాయ్ చేతులు కడుక్కుని, తెల్లగుడ్డ పరిచి, ముత్యాలను ఒక్కొక్కటే వేలితో దొర్లించి చూశాడు. పెద్దవి నడుమకు, చిన్నవి అంచులకు పేర్చాడు. పట్టుదారానికి మైనం రాసి గుచ్చుతూ ప్రతి రెండు ముత్యాల మధ్యా ఒక ముడి వేశాడు. మిషన్ చప్పుడు మధ్య తప్ప నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ వేళ్ళు అంత మెత్తగా కదులుతాయని నాకు తెలియదు.

ఒక ముత్యం వంకరగా ఉంది. తీసేయమంది పక్కనే ఉన్న యజమాని భార్య. భాయ్ మాత్రం మామా వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. దాన్ని ఆయన కొస దగ్గర గుచ్చి, "ఇది మెడ వెనక ఉంటుందమ్మా. ఎవరికీ కనపడదు, మీకు మాత్రం తగులుతూ ఉంటుంది" అన్నాడు ఉర్దూలో.

మామా ఆయన్నే చూస్తూ అడిగింది: "హైదర్ అంటే మాకు సింహం. మీది సింహాల ఊరా?"

"అలా అనేవాళ్ళూ ఉన్నారమ్మా. భాగ్యనగరం అంటారు, తోటల ఊరు బాగ్‌నగర్ అంటారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఉత్త పట్నం అంటారు. మా అమ్మనడిగితే ఒక్కోసారి ఒక్కో కథ చెబుతుంది. నేను అన్నీ నమ్ముతాను."

దండ వేసుకుని మామా అద్దం వైపు పోలేదు. చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

తిరిగి వస్తుంటే కారులో భాయ్ తన చేతులు చూసుకుంటూ, "మర్వలే తమ్మీ, ఏం మర్వలే" అన్నాడు.

ఆ ఏడు సెలవుకు వెళ్ళినప్పుడు నేను వెంటనే కడప బస్సెక్కలేదు. భాయ్ చెప్పిన గుర్తులు పట్టుకుని పాతబస్తీలో వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మకు చూపు బాగా మందగించింది. చాయ్ ఇప్పించి, కొడుకు ఎలా ఉన్నాడని అడిగాక, ఇంకా దగ్గరికి జరిగింది.

"ఆ ముత్యాలు ఏం రంగున్నయి, బేటా?"

"తెలుపే గానీ, పాలమీగడ మాదిరి ఉండాయమ్మా. ఎండ పడితే లోపల కొంచెం ఎరుపు కనపడ్తాది."

"బస్రా" అందామె తృప్తిగా. అరబ్బుల సముద్రంలోని ముత్యాన్ని అక్కడ అదే పేరుతో పిలుస్తారట. నేను వచ్చింది ఖతర్ నుంచని చెప్పాను. "అదే, బస్రా" అని, ఇంకో కప్పు చాయ్ పొయ్యమని కోడల్ని కేకేసింది.